హూగో ప్రిమోజిచ్: 60 ట్యాంకుల లెక్క వెనక ఏముంది?

రెండో ప్రపంచ యుద్ధం మీద వచ్చే వీడియోల్లోనూ, ట్యాంకుల ఆటల్లోనూ జర్మన్ కమాండర్ల పేర్ల పక్కన పెద్ద పెద్ద అంకెలు కనబడుతుంటాయి. హూగో ప్రిమోజిచ్ గురించి చెప్పేటప్పుడు మూడు మాటలు వస్తాయి: ట్యాంక్ ఏస్ (ట్యాంకు దళపు మొనగాడు), 60 ట్యాంకులు ధ్వంసం చేసినవాడు, ఓక్ ఆకుల పతకం (నైట్స్ క్రాస్ అనే జర్మన్ సైనిక పతకానికి పైమెట్టు) అందుకున్న మొదటి సార్జెంటు. ఈ మూడూ గాల్లోంచి పుట్టినవి కావు. కానీ మూడింటికీ ఒక్కో సవరణ కావాలి. అతను ఎక్కిన బండి ఎలాంటిది, శత్రు ట్యాంకును "పోయింది" అని ఎవరు ఎలా రాసేవారు, పతకం ఏ దారిన వచ్చేది అన్నవి తెలిస్తే తప్ప ఆ సవరణలు అర్థం కావు.

ట్యాంకు దళం మనిషి కాదు

ప్రిమోజిచ్ 1914లో జర్మనీలోని వుర్టెంబర్గ్ ప్రాంతంలో, బాక్‌నాంగ్ అనే ఊళ్లో పుట్టాడు. 1942 నాటికి అతని హోదా వాఖ్ట్‌మైస్టర్. పదాతి దళంలో ఫెల్డ్‌వేబెల్ అనే సార్జెంటు హోదాకి ఫిరంగి దళంలో ఉన్న పేరు అది. ఆ ఒక్క మాటతోనే అతను ఎక్కడివాడో తెలిసిపోతుంది. జర్మన్ ట్యాంకు దళం వాళ్లు నల్ల యూనిఫాం వేసేవారు. ప్రిమోజిచ్ లాంటి వాళ్లది దాదాపు అదే కుట్టు, కానీ మామూలు సైనికుల బూడిద రంగు గుడ్డ. ట్యాంకు దళంలో కంపెనీ అనే దాన్ని వీళ్లు బ్యాటరీ అనేవారు.

వీళ్ల బండి పేరు స్టుర్మ్‌గెషుట్జ్, అంటే దాడి ఫిరంగి. పొట్టిగా స్టుగ్. 1935లో ఎరిక్ ఫాన్ మాన్‌స్టయిన్ అనే జర్మన్ సైనికాధికారి ఈ ఆలోచనను కాగితం మీద పెట్టాడు. పదాతి దళం ముందుకు నడుస్తుంటే ఒక మెషిన్‌గన్ గూడు అడ్డం పడి వందమందిని నేలకు కరిపిస్తుంది. వెనక కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫిరంగులకు ఆ గూడు కనబడదు. గుర్రాలు లాగే ఫిరంగిని ముందుకు తెస్తే గుర్రాలూ మనుషులూ చచ్చిపోతారు. అందుకని కవచం తొడిగిన ఒక ఫిరంగి పదాతి సైనికుల పక్కనే నడవాలి, ఎదురుగా కనబడే అడ్డును నేరుగా కొట్టాలి. 1936లో తయారీకి ఆదేశం వెళ్లింది. పాంజర్ 3 ట్యాంకు అడుగు భాగాన్ని తీసుకుని, పైన తిరిగే టరెట్‌ను తీసేసి, ముందువైపు 75 మిల్లీమీటర్ల ఫిరంగి బిగించారు. 1940లో ఫ్రాన్స్ మీద దాడిలో మొదటి కొన్ని బండ్లు పాల్గొన్నాయి.

ఇది ఎవరి బండి అన్న తగవు యుద్ధమంతా సాగింది. 1943లో ట్యాంకు దళాల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా వచ్చిన గుడేరియన్ స్టుగ్‌లన్నీ తన కిందికి రావాలన్నాడు. ఫిరంగి దళం ఒప్పుకోలేదు, ఎక్కువ భాగం దాని చేతిలోనే మిగిలింది. అందువల్ల "ట్యాంక్ ఏస్" అన్న మాటకి మొదటి సవరణ ఇది: ప్రిమోజిచ్ ట్యాంకులను కొట్టిన ఫిరంగివాడు.

టరెట్ లేకపోతే ఏం లాభం, ఏం నష్టం

టరెట్ తీసేస్తే బండి ఎత్తు తగ్గుతుంది. స్టుగ్ ఎత్తు రెండు మీటర్లకు కాస్త ఎక్కువ. అదే కాలపు పాంజర్ 4 ఎత్తు 2.68 మీటర్లు. పొద వెనక నక్కితే ఫిరంగి గొట్టం, బండి పైభాగం తప్ప పెద్దగా ఏదీ కనబడదు. మిగిలిన బరువును ముందు కవచంలో పెట్టొచ్చు. 50 మిల్లీమీటర్ల పలక మీద మరో 30 మిల్లీమీటర్ల పలక బిగించి 80కి పెంచారు. ఖర్చూ తక్కువ. తరవాతి నమూనా స్టుగ్ ఒక్కోటి సుమారు 82,500 రైష్‌మార్కులు పడితే, టరెట్ ఉన్న పాంజర్ 3 లక్ష దాటేది.

నష్టం ఎక్కడంటే, ఫిరంగి పక్కకి తిరగదు. పొడవు గొట్టం బిగించిన నమూనాల్లో ఎడమకు 10 డిగ్రీలు, కుడికి 10 డిగ్రీలు, అంతే. దీన్ని నేల మీద వేసి చూద్దాం. 500 మీటర్ల దూరంలో 10 డిగ్రీలంటే దాదాపు 88 మీటర్లు. రెండు వైపులా కలిపి 176 మీటర్ల వెడల్పు. టీ-34 అనే సోవియట్ ట్యాంకు ఒకటి గంటకు 20 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా పోతోందనుకోండి. సెకనుకు అయిదున్నర మీటర్లు. ఆ మొత్తం వెడల్పును అర నిమిషంలో దాటేస్తుంది. అదే ట్యాంకు 200 మీటర్ల దగ్గరికి వస్తే వెడల్పు 70 మీటర్లే, పన్నెండు పదమూడు సెకన్లలో కనుమరుగు. ఆ తరవాత డ్రైవర్ 20 టన్నులు దాటిన బండిని మొత్తంగా తిప్పాలి. ఒక ట్రాక్‌ను బిగబట్టి రెండోదాన్ని నడిపితే బండి తిరుగుతుంది, గన్నర్ కుదుర్చుకున్న గురి చెదిరిపోతుంది, బురద నేల అయితే ట్రాక్ ఊడే ప్రమాదం ఉంది, తిప్పుతున్నంతసేపూ పలచని పక్క కవచం శత్రువుకు కనబడుతుంది.

కాబట్టి స్టుగ్ కమాండర్ నైపుణ్యం చాలావరకు గుండు పేలకముందే ఖర్చయ్యేది. శత్రువు ఎటు వస్తాడో ముందే ఊహించి, 20 డిగ్రీల కోణంలో అతను పడేలా బండిని నిలబెట్టుకోవాలి, వెనక్కి జారే దారి చూసి పెట్టుకోవాలి. ఒక్కో చోట నుంచి రెండు మూడు గుండ్లు వేసి, జాడ దొరికేలోపు జాగా మార్చాలి.

లోపల నలుగురు

ఎడమవైపు ముందు డ్రైవర్, అతని వెనక గన్నర్, అతని వెనక కమాండర్. ముగ్గురూ ఒకే వరసలో. కుడివైపు లోడర్ ఒక్కడే. ఎడమవైపు నుంచి గుండు దూరితే ఒకేసారి ముగ్గురు పోయే అమరిక ఇది. కమాండర్ ముందు రెండు కొమ్ముల్లా పైకి లేచే కత్తెర పెరిస్కోపు ఉండేది. తల బయటపెట్టకుండా దూరం అంచనా వేయడానికి అది ఫిరంగి దళం నుంచి వచ్చిన పరికరం.

దాని అవసరం ఫిరంగి పేలినప్పుడు తెలిసేది. గొట్టం నేలకు తక్కువ ఎత్తులో ఉంటుంది కనుక గుండు వెళ్లగానే ముందున్న దుమ్మో మంచో తెరలా లేస్తుంది. గన్నర్ కంటికి ఏమీ కనబడదు. గుండు వెయ్యి మీటర్లు చేరడానికి ఒకటిన్నర సెకను, తెర దిగడానికి అంతకంటే ఎక్కువ. కాస్త పైనున్న పెరిస్కోపులోంచి కమాండర్ గుండు ముందు పడిందా, వెనక పడిందా చూసి చెప్పాలి. ఈ ముందు-వెనక సర్దుబాటు ఫిరంగి దళంలో మొదటి రోజు నుంచీ నేర్పే పాఠం. స్టుగ్ సిబ్బంది గురి బాగుంటుందన్న పేరుకి ఇదొక కారణం. గుండు పేలాక వెనక్కి పడే ఖాళీ గుండు తొడుగులోంచి వచ్చే పొగ ఇంకో బాధ. మూసిన గదిలో కళ్లు మండి, కడుపులో తిప్పేది. పొడవు గొట్టంతో మందు ఎక్కువైంది కనుక 1942 నమూనాలో పైకప్పుకి పొగ లాగే ఫ్యాన్ పెట్టారు.

ఆ నమూనాకి పదాతి సైనికులను ఆపే మెషిన్‌గన్ బయట అమర్చి లేదు. తోడుగా సొంత పదాతి లేకపోతే పెట్రోలు సీసా పట్టుకుని పక్కనుంచి పాకివచ్చే ఒక్క మనిషి చాలు. స్టుగ్ ఒంటరిగా గెలిచిన కథ వింటే, చుట్టూ కాపలా ఉన్న పదాతి సైనికులను ఆ కథ వదిలేసి ఉంటుందని అనుమానించాల్సిందే.

గొట్టం పొడవు ఎందుకు అంత ముఖ్యం

ఫిరంగుల పేర్లలో ఎల్/24, ఎల్/43 అని కనబడుతుంది. గొట్టం పొడవు దాని నోటి వెడల్పుకి ఎన్ని రెట్లో ఆ అంకె చెబుతుంది. 75 మిల్లీమీటర్లను 24తో గుణిస్తే 1.8 మీటర్లు. 43తో గుణిస్తే 3.2 మీటర్లు. పొట్టి గొట్టంలోంచి గుండు సెకనుకు 385 మీటర్ల వేగంతో వెళ్లేది. కట్టడాన్ని పేల్చడానికి అది చాలు, ఎందుకంటే పని చేసేది గుండులోని పేలుడు మందు. ట్యాంకు కవచాన్ని చీల్చాలంటే పని చేసేది వేగం. పొడవు గొట్టంలో అది సెకనుకు 740 మీటర్లు.

1941లో సోవియట్ టీ-34, కేవీ ట్యాంకులు ఎదురుపడ్డాక జర్మన్ సైన్యానికి ఈ వేగం తప్పనిసరి అయింది. 1942 వసంతం నుంచి స్టుగ్‌లకు పొడవు గొట్టం వచ్చింది. పదాతికి తోడుగా పుట్టిన బండి ఆ వేసవికల్లా ట్యాంకుల వేటకు సరిపోయే ఆయుధమైంది. ప్రిమోజిచ్ ఉన్న 667వ స్టుగ్ బెటాలియన్ ముందుకు వెళ్లింది సరిగ్గా ఈ మార్పు సమయంలోనే. ఏడాది ముందు ఇదే మనిషి, ఇదే సిబ్బంది పొట్టి గొట్టంతో ఉండి ఉంటే ఆ అంకెలు వచ్చేవి కావని నా అభిప్రాయం.

1942 వేసవి, ర్జేవ్

మాస్కోకి పశ్చిమాన, వోల్గా నది ఒడ్డున ఉన్న ఊరు ర్జేవ్. 1942లో జర్మన్ ఆధీనంలోని నేల ఇక్కడ మాస్కో వైపు ముక్కులా పొడుచుకుని ఉండేది. దాన్ని పట్టుకున్నది వాల్టర్ మోడల్ నాయకత్వంలోని 9వ ఆర్మీ. ఆ ముక్కును కోయడానికి సోవియట్ సేనానులు జూకోవ్, కోనెవ్‌ల దళాలు జూలై 30 నుంచి వరసగా దాడి చేశాయి. ఆగస్టు మొదట్లో కురిసిన వానలకు దారులు ముద్దయ్యాయి. సోవియట్ లెక్కల ప్రకారమే జూలై 30 నుంచి ఆగస్టు 23 దాకా చనిపోయినవారు, గాయపడినవారు, జాడ లేనివారు కలిపి 1,93,683 మంది. నాలుగు వారాలైనా నిండలేదు. ఆ తరవాతా పోరు సెప్టెంబరంతా సాగింది.

స్టుగ్ బెటాలియన్లు ఏ డివిజన్‌కీ శాశ్వతంగా చెందేవి కావు. ఎక్కడ గండి పడితే అక్కడికి పంపేవారు. ట్యాంకులు ఎక్కువగా వస్తున్న చోటికే వెళతాయి కనుక ట్యాంకులు ఎక్కువగా కనబడటమూ సహజం. అక్కడి పదాతి కమాండర్లు వీటిని వదలకుండా ఒకటి రెండు బండ్లుగా పంచి ట్రెంచుల వెనక అట్టిపెట్టుకోవాలని చూసేవారు. అలా చేస్తే రాత్రికి మందుగుండు, పెట్రోలు అందక, ట్రాక్ పిన్నులు, బ్రేకులు చూసుకునే సమయం లేక, మూడో రోజుకి బండి శత్రువు కొట్టకుండానే ఆగిపోయేది.

సెప్టెంబరు 15న సోవియట్ ట్యాంకుల దాడి ఒకటి ప్రిమోజిచ్ ప్లటూన్ మీదికి వచ్చింది. ఆ రోజు అతని పేరున 24 ట్యాంకులు రాశారు. నాలుగు రోజుల తరవాత, సెప్టెంబరు 19న, నైట్స్ క్రాస్. 1943 జనవరి 25న 60 ట్యాంకుల లెక్కతో దాని మీద ఓక్ ఆకులు.

24 అంటే ఎంత: మందుగుండు వైపు నుంచి

అతను వాడిన నమూనాలో గుండ్లకు 44 గూళ్లు ఉండేవి. అన్నీ కవచం చీల్చేవి కావు. పదాతి మీద వేసే పేలుడు గుండ్లు, కొన్ని పొగ గుండ్లు కూడా అందులోనే. సగం సగం అనుకుంటే కవచం చీల్చేవి 22. ఒక్కో ట్యాంకుకి సగటున రెండు గుండ్లు పడతాయనుకుంటే, ఇది చాలా ఉదారమైన లెక్క, 11 ట్యాంకులతో బండి ఖాళీ. 24 కావాలంటే 48 కవచం గుండ్లు. సిబ్బంది అదనంగా గుండ్లు నేల మీద పేర్చుకునే అలవాటు ఉన్నా, మధ్యలో ఒకసారైనా వెనక్కి వెళ్లి నింపుకోవాలి. అంటే మందుగుండు బండి దగ్గర్లోకి వచ్చి ఉండాలి, ఆ సేపు పక్క స్టుగ్ ఆ చోటు కాయాలి. అసాధ్యం ఏమీ కాదు. అయితే ఇది ఒక్క మనిషి చేయగలిగిన పని కూడా కాదు.

మరో వైపు నుంచి: 1942 వేసవి చివర అమలైన పట్టిక ప్రకారం సోవియట్ ట్యాంకు బ్రిగేడులో 53 ట్యాంకులు, వాటిలో 32 టీ-34లు, 21 తేలిక టీ-70లు. 24 అంటే దాదాపు సగం బ్రిగేడు. ఆ సంఖ్యలో ఏ రకం ఎన్ని అన్నదీ ముఖ్యమే. 20 మిల్లీమీటర్ల చిన్న ఫిరంగి ఉన్న ఆరు టన్నుల టీ-60నీ, 45 టన్నుల కేవీనీ "ఒకటి" అనే రాస్తారు.

ఒకే ట్యాంకు మూడుసార్లు ఎలా చస్తుంది

ఊహకి ఒక ఉదాహరణ. ఉదయం 10 గంటలకు 700 మీటర్ల దూరంలో ఒక టీ-34కి స్టుగ్ గుండు తగిలి ట్రాక్ తెగింది, సిబ్బంది దూకి పారిపోయారు. స్టుగ్ కమాండర్ రాసుకున్నాడు: ఒకటి. 11 గంటలకు పక్క గట్టు మీది ట్యాంకు వ్యతిరేక ఫిరంగికి ఆ ట్యాంకు కదలకుండా నిలబడి కనబడింది. అది బతికే ఉందో లేదో తెలియదు, రెండు గుండ్లు వేశారు: ఒకటి. సాయంత్రం పదాతి సైనికులు మందుపాతర పెట్టి పేల్చారు: ఒకటి. మూడు నివేదికలు మూడు దారుల్లో పైకి వెళ్లాయి. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒకవేళ పదాతి అక్కడికి చేరకపోతే, రాత్రి సోవియట్ ట్రాక్టర్ దాన్ని లాక్కెళ్లి, వారంలో కొత్త ట్రాక్ తొడిగి తిరిగి పంపితే, సోవియట్ పుస్తకంలో అది పూర్తి నష్టం కిందికే రాదు.

జర్మన్ సైన్యానికి ఈ సంగతి తెలుసు. తూర్పు రంగం మీద శత్రు బలాన్ని అంచనా వేసే గూఢచార విభాగం తన యూనిట్లు పంపిన ట్యాంకు లెక్కల్ని సగానికి తగ్గించి వాడుకునేది. పతకాల కాగితాల్లో మాత్రం తగ్గించని లెక్కే ఉండేది. ఈ రెండు విషయాలూ ఒకే ప్రభుత్వంలో పక్కపక్కన నడిచాయని గుర్తుంచుకుంటే 60 అన్న అంకెను ఎలా పట్టుకోవాలో తెలుస్తుంది: అది అప్పటి జర్మన్ నివేదికలు ఒప్పుకున్న సంఖ్య. విరిగిన ట్యాంకులను లెక్కపెట్టి తేల్చిన సంఖ్య అనడానికి వీల్లేదు.

ర్జేవ్‌లో జర్మన్లు చాలాచోట్ల నేలను నిలుపుకున్నారు, కాబట్టి శిథిలాలు వాళ్ల కళ్లముందే ఉన్నాయి, ఇక్కడి లెక్కలు వెనక్కి పారిపోతూ రాసిన లెక్కలకన్నా నమ్మదగినవి అని కొందరు వాదిస్తారు. అందులో బలం ఉంది. ఎదుటి వాదం: ఒకే చిన్న నేల మీద స్టుగ్‌లు, ట్యాంకు వ్యతిరేక ఫిరంగులు, విమానాలు అన్నీ ఒకేసారి పనిచేసినప్పుడు ఏ శిథిలం ఎవరిదో తేల్చడం నాలుగు రోజుల్లో అయ్యే పని కాదు. నాకు రెండోదే ఎక్కువ బరువుగా తోస్తుంది, ఎందుకంటే పతకం వచ్చింది ఆ నాలుగు రోజుల్లోనే.

పతకం వచ్చే దారి, "మొదటి" అన్న మాట

నైట్స్ క్రాస్‌ను 1939 సెప్టెంబరు 1న పెట్టారు. దానికంటే ముందు రెండో తరగతి, మొదటి తరగతి ఐరన్ క్రాస్‌లు ఉండాలి. యూనిట్ రాసిన సిఫారసు మెట్టు మెట్టుగా ఆర్మీ దాకా, అక్కణ్నుంచి బెర్లిన్‌లోని సిబ్బంది కార్యాలయానికి వెళ్లేది. మొత్తం యుద్ధంలో సుమారు 7,300 మందికి నైట్స్ క్రాస్ వచ్చింది. పైమెట్టయిన ఓక్ ఆకులు తొమ్మిది వందలకు లోపే. ప్రిమోజిచ్‌ది 185వది.

చాలామంది కలిపేసే ఇంకొక గుర్తు ఉంది, కుడి చేతి మీద కుట్టుకునే ట్యాంకు విధ్వంస పట్టీ. అది చేతి ఆయుధాలతో, దగ్గరికి పోయి, ఒంటిగా ట్యాంకును కొట్టిన సైనికుడికి. స్టుగ్‌లోంచి ఎన్ని కొట్టినా ఆ పట్టీ రాదు.

"ఓక్ ఆకులు అందుకున్న మొదటి సార్జెంటు" అన్న మాటకి కావలసిన సవరణ ఇది: భూసైన్యంలో మొదటివాడు. వైమానిక దళంలో లియోపోల్డ్ స్టయిన్‌బాట్జ్ అనే పైలట్ సార్జెంటు హోదాలోనే 1942 జూన్‌లో వాటిని అందుకున్నాడు.

తేదీ కూడా చూడాలి. 1943 జనవరి 25 నాటికి స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ 6వ ఆర్మీ చివరి రోజుల్లో ఉంది. ఆరు రోజుల తరవాత దాని కమాండర్ పౌలస్ లొంగిపోయాడు. అధికారి కాని, మామూలు ఊరి నుంచి వచ్చిన ఒక సార్జెంటు అప్పుడు ప్రచార యంత్రానికి ఎంత అవసరమో ఊహించవచ్చు. పతకధారుల ఫొటోలు పోస్టుకార్డులుగా అచ్చయ్యేవి, బడి పిల్లలు వాటిని పోగుచేసుకునేవారు. తరవాత అతనికి అధికారి హోదా కూడా ఇచ్చారు. అతని ధైర్యం కల్పన అని దీని అర్థం కాదు. ఏ ధైర్యాన్ని ఎప్పుడు వెలుగులోకి తేవాలో నిర్ణయించేది వేరే వాళ్లని మాత్రం అర్థం.

అతను కాపాడిన నేల మీద ఏం జరిగింది

యుద్ధం తరవాత వచ్చిన వీరగాథల్లో గుండు, గురి, గెలుపు ఉంటాయి, ఊరు ఉండదు. స్టుగ్ పనితీరును మెచ్చే సాంకేతిక చరిత్రకారులు ఊరి సంగతి తమ విషయం కాదంటారు. జర్మన్ సైన్యం యుద్ధం మాత్రమే చేసింది, నేరాలు వేరే వాళ్లవి అన్న నమ్మకం ఈ మౌనంలోంచే బలపడిందని మరికొందరు చరిత్రకారులు అంటారు. ఒక బండి ఎలా పనిచేసిందో చెప్పడానికి మొదటి పద్ధతి చాలు. ఒక మనిషి సైనిక జీవితం చెప్పడానికి చాలదు. ఎందుకంటే గండి పూడ్చడం అంటే ఆ గండి వెనక ఉన్న ఆక్రమణను ఇంకొన్ని నెలలు నిలబెట్టడమే.

ర్జేవ్‌లో యుద్ధానికి ముందు యాభై వేలకు పైగా జనం. జర్మన్ ఆధీనంలో ఊళ్లోనే సోవియట్ యుద్ధఖైదీల శిబిరం నడిచింది, ఆకలితోనూ చలితోనూ వేలమంది పోయారు. 1943 మార్చిలో 9వ ఆర్మీ వెనక్కి తగ్గుతూ ఇళ్లు, వంతెనలు, బావులు నాశనం చేసింది, పని చేయగల జనాన్ని వెంట తోలుకుపోయింది. మిగిలినవారిలో 248 మందిని పాత సంప్రదాయ క్రైస్తవుల పొక్రోవ్ చర్చిలో పెట్టి తలుపులు మూసేశారు. మార్చి 3న ఎర్రసైన్యం వచ్చి ఆ తలుపులు తెరిచింది.

ప్రిమోజిచ్ యుద్ధం తరవాత అర్ధ శతాబ్దం బతికాడు, 1996లో ఫుల్డాలో చనిపోయాడు. పశ్చిమ జర్మనీ 1957లో ఒక చట్టం చేసి, నాజీ గుర్తు తీసేస్తే పాత పతకాలు పెట్టుకోవచ్చంది. కొత్తగా పోతపోసిన క్రాస్‌ల మధ్యలో స్వస్తిక ఉన్న చోట మూడు ఓక్ ఆకులు వచ్చాయి. కింద 1939 అన్న అంకెను మాత్రం అలాగే ఉంచారు.